దూరపు గొంతుక

హైదరాబాదు గాంధీనగరమున మా యింటి వెనుకవైపున నొక చిన్న గది కలదు. పగటివేళ ఆ గదిలో కూర్చుండువారికి చిక్కడపల్లి వేంకటేశ్వరస్వామి గుడివైపు పోవు ఆటోల చప్పుడు, తోపుడుబండిమీద ఉల్లిగడ్డలమ్మువాని మైకు, పైయంతస్తులోని కుక్కరు కూత, ఆర్టీసీ క్రాస్‌రోడ్సు దిక్కునుండి వచ్చు బస్సుల హారనులు ఎడతెరపి లేక వినబడుచుండును. కాని తెల్లవారుజామున 5 గంటలకు మాత్రము ఆ గది వేరొక లోకము. ఆ వేళకు పల్లెలలోని వృద్ధులు మేల్కొనియుందురు. మా వీధి యింకను మేల్కొనదు. పాలబండ్లును, పేపరు కుర్రవాండ్ర సైకిళ్ళును తిరుగుట మొదలగువరకు దొరకు ఆ గంటకాలమే నా పనికి ముహూర్తము.

ఆ పని యేమనగా, దూరగ్రామములలో నున్న వయోవృద్ధులకు ఫోను చేసి, వారి చిన్ననాటి సంగతుల నడిగి, వారు పలికిన పలుకులను పలికినట్లే కంప్యూటరులో భద్రపరచుట. 1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానములోనికి భారతసైన్యము ప్రవేశించిననాడు పండ్రెండేండ్ల ప్రాయముననున్న బాలబాలికలకు నేడు తొంబదియేండ్లు సమీపించినవి. దొరల గడీలను, వెట్టిచాకిరిని, రజాకార్ల దాడులను, రాత్రిపూట సాయుధపోరాటపు దళములకు అన్నపుమూటలు మోసిన తమ తల్లులను కన్నులార చూచినవారిలో మిగిలినవారు వీరే. వీరిలో ననేకులు మంచము దిగి నాలుగడుగులు వేయుటయే కష్టము. 2020 మార్చి 25వ తేదీనుండి దేశమంతట లాక్‌డౌను విధింపబడి, ఊరికి ఊరికి నడుమ దారులు మూతపడిననాడు, వారిని చేరుటకు ఫోను తప్ప వేరు మార్గము లేకపోయెను. దారులు తెరచుకొనిన పిదపను నేను ఆ మార్గమును విడువలేదు. ఏలయన, ఇంటికి వచ్చి ఎదుట కూర్చున్న కొత్తవానికి చెప్పుటకు సంకోచించిన మాటలను, చీకటిలో చెవికి ఆనించుకొన్న ఫోనునకు చెప్పుకొనుటకు సంకోచింపని తల్లులను నేను పెక్కురను చూచితిని.

ఫోనులో మాటలాడుట తేలిక గనుక దానిని రికార్డు చేయుటయు తేలికయే యని చాలమంది తలంతురు. నేనును అట్లే తలంచితిని. ముప్పదియేండ్లు తెలుగు పాఠములు చెప్పినవానికి తీగలతో, పిన్నులతో, ఇన్‌పుట్లతో పరిచయ మెక్కడిది? అయినను ఈ అయిదారేండ్ల అనుభవమున నాకు స్థిరపడిన విషయ మొకటి కలదు. ఈ విద్యలోని కష్టమంతయు ఒక్కచోటనే యున్నది. దగ్గరి గొంతుక బలమైనది, దూరపు గొంతుక బలహీనమైనది. మనకు కావలసినది దూరపు గొంతుక. యంత్రములు పక్షపాతము చూపునది దగ్గరి గొంతుకకు. తక్కిన చిక్కులన్నియు ఈ మూలమునుండి మొలచిన కొమ్మలే.

టెలిఫోనును, శబ్దమును పట్టియుంచు యంత్రమును తోబుట్టువులనదగును. 1876లో అలెగ్జాండర్ గ్రాహం బెల్ టెలిఫోనునకు పేటెంటు పొందెను. మరుసటి యేడే, అనగా 1877లో, థామస్ ఎడిసన్ ఫోనోగ్రాఫును నిర్మించెను. పిదప 1898లో డెన్మార్కు దేశస్థుడైన వాల్డెమార్ పౌల్సన్ ఉక్కుతీగపై అయస్కాంతశక్తిచే ధ్వనిని ముద్రించు టెలిగ్రాఫోను అను యంత్రమునకు పేటెంటు కోరెను. ఫోనులో వచ్చిన మాటను, వినువాడు లేనప్పుడును, పట్టియుంచుట ఆయన సంకల్పము. 1900లో పారిసు మహాప్రదర్శనమున ఆస్ట్రియా చక్రవర్తి ఫ్రాంజ్ జోసఫ్ ఆ యంత్రము నెదుట పలికిన కొలది మాటలు నేటికిని నిలిచియున్నవి. మన రేడియో స్టూడియోలలో దశాబ్దములపాటు తిరిగిన స్పూలు టేపులకును, మన యిండ్లలో పాటలు పాడిన క్యాసెట్లకును ఆ ఉక్కుతీగయే పూర్వరూపము. ఫోనుమాటను పట్టవలెనను కోరికనుండియే అయస్కాంత ధ్వనిముద్రణము పుట్టినదని తెలిసిననాడు, నా చిన్న గదిలోని పనికిని ఒక వంశవృక్షము కలదని నాకు సంతోషము కలిగెను.

మా పేటకును గొంతుకతో సంబంధము కొత్త కాదు. చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సంగీతము, నాటకము విని పెరిగిన కుటుంబములు మా చుట్టుపట్ల నున్నవి. రేడియో అన్నయ్య, రేడియో అక్కయ్య యని తెలుగుబిడ్డ లందరును పిలుచుకొన్న న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతుల బాలానంద సంఘము నారాయణగూడలో నెలకొన్నది. పిల్లల గొంతుకలకు మైకు నెదుట చోటిచ్చిన పుణ్యదంపతులు వారు. ఇక పెద్దల గొంతుకలకు, అందును చరిత్రగ్రంథములు మరచిన స్త్రీల గొంతుకలకు చోటిచ్చినవారు ఈ నగరముననే యున్న స్త్రీశక్తి సంఘటన సభ్యురాండ్రు. తెలంగాణ సాయుధపోరాటమున పాల్గొన్న స్త్రీల కథనములను వారి నోటనే విని, టేపుల కెక్కించి, ఆ నుడికారము చెడకుండ అక్షరబద్ధము చేసి, 1986లో ‘మనకు తెలియని మన చరిత్ర’ యను గ్రంథముగ వెలువరించిరి. అందు మాటలాడినవారిలో మల్లు స్వరాజ్యము 2022 మార్చి 19న ఈ నగరముననే కన్నుమూసినారు. ఆ గ్రంథమునే గురువుగా నెంచి నేను ఫోను చేతబట్టితిని. కాని వారు ముఖాముఖి కూర్చుండి విన్నారు. నాకును, చెప్పువారికిని నడుమ తీగ యున్నది.

ఆ తీగ మనిషి గొంతును సంపూర్ణముగ మోయదు. సాధారణమైన టెలిఫోనులో సెకనుకు సుమారు 300 మొదలు 3,400 వరకు గల కంపనములే దాటివచ్చును. వానికి క్రిందివియు, పైవియు వాకిటనే నిలిచిపోవును. పురుషుని గొంతునకు ఆధారమైన శ్రుతి సామాన్యముగ 100, 150 కంపనముల ప్రాంతమున నుండును గాన, అది ఫోనులో రానే రాదు. వచ్చిన స్వరాంశములనుబట్టి మన చెవియే దానిని ఊహించి పూరించుకొనును. సకారములోని ఈలవంటి ధ్వని యెక్కువగా 4,000 కంపనములకు పైననే యుండుటచే అదియు సగము తెగిపోవును. ‘సీతలో స’ యని, ‘ఫలములో ఫ’ యని మనము ఫోనులో విడమరచి చెప్పుకొనుటకు కారణ మిదియే. సామాన్య సంభాషణలో దీనివలన నష్టము లేదు. కాని వృద్ధులు చెప్పు వృత్తాంతములో ప్రాణప్రదమైనవి ఊళ్ళ పేర్లు, ఇంటిపేర్లు, చెలకల పేర్లు, చచ్చిపోయినవారి పేర్లు. అవియే ఈ సన్నని ద్వారమున దూరలేక చెడిపోవును. అందుచేత ప్రతి పేరును రెండవమారు పలికించుట నాకు నియమమైనది. ఇటీవలి 4జీ ఫోనులలో 50 మొదలు 7,000 వరకు కంపనములను మోయు విధానము వచ్చినది. రెండుకొనలును ఆ విధానమున కలిసిననాడు గొంతుకపైనున్న ముసుగు తీసివేసినట్లుండును. అయినను పల్లెలో టవరు బలము తగ్గినవెంటనే పాత ముసుగే మరల కప్పుకొనును.

ఇక దగ్గరి గొంతుక సంగతి. ల్యాండ్‌లైను ఫోనులో పోవు మాటయు, వచ్చు మాటయు ఒకే జంట తీగలమీద నడచును. ఫోను లోపలి తీగచుట్టల యమరిక ఆ రెంటిని వేరుచేయ యత్నించును గాని పూర్తిగా వేరుచేయదు. మన మాట మన చెవికే కొంచెము తిరిగి వినబడునట్లు బుద్ధిపూర్వకముగనే విడిచిపెట్టుదురు. అది వినబడనిచో ఫోను పనిచేయుట లేదని తోచి మనుష్యుడు కేకలు వేయును. వినుటకు మేలైన ఈ యేర్పాటే రికార్డు చేయుటకు కీడగును. నా మాట ఇచ్చటనే పుట్టి, నిండుబలముతో తీగ కెక్కును. అవతలివారి మాట అనేక ఎక్స్ఛేంజీలు దాటి, అలసి సొలసి వచ్చును. రెంటిని ఒకే గిన్నెలో పోసినచో ఏది మిగులునో వేరుగ చెప్పనక్కరలేదు.

నా తొలి రికార్డింగు ఈ సత్యమును నాకు కఠినముగ నేర్పెను. సూర్యాపేట ప్రాంతమునుండి ఒక అవ్వ, మనుమని ఫోనులో, 1 గంట 10 నిమిషములు మాటలాడెను. పదునొకండేండ్ల పిల్లగ నున్నప్పుడు గడీలో వడ్లు దంచబోయిన తన తల్లి వెంట తాను నడచిపోయిన దారి, ఆ దారిలోని చింతచెట్లు, గడీ వాకిట విడిచిన చెప్పులను చేతబట్టుకొని లోనికి పోవుట, తల్లి యొక్కమాటయు మాటలాడకుండుట — ఇవి యన్నియు ఆమె చెప్పుచుండగా నాకు కన్నులు చెమర్చినవి. ముగిసిన పిదప విని చూతునుగదా, నా ప్రశ్నలు ఉరుమువలెను, ఆ తల్లి సమాధానములు గోడకావల గొణుగుడువలెను ఉన్నవి. ఆమె మాటను పెంచినచో నా మాట పగిలి కర్ణకఠోరమగును; నా మాటను తగ్గించినచో ఆమె మాట అదృశ్యమగును. పదిదినముల తరువాత మరల ఫోను చేసి, ఆ సంగతి యింకొకమారు చెప్పుమని ప్రార్థించితిని. “మొన్న చెప్పిన గద బిడ్డా, గదే” యని ఆమె నాలుగు వాక్యములలో ముగించెను. చింతచెట్లు రాలేదు, చెప్పులు రాలేదు. మొదటిమారు చెప్పునపుడు చెప్పువారు కూడ ఆ దారిలో నడచుచుందురు; రెండవమారు నడచివచ్చిన సంగతిని మాత్రము చెప్పుదురు. యంత్రము సరిగా నుండవలసినది మొదటిమారే.

నాటినుండి నేను యంత్రమునకు శిష్యుడనైతిని. కోఠి గుజరాతీ గల్లీలో ఎలక్ట్రానిక్సు దుకాణములు వరుసగ నుండును. అచ్చట దొరకిన ఒక చిన్న తీగచుట్టను రబ్బరు గిన్నెతో ఫోనుకు అంటించినచో, ఫోను లోపలి అయస్కాంతపు కదలికను అది గ్రహించి కంప్యూటరునకు అందించునని దుకాణదారు చెప్పెను. అది నిజమే. కాని ఆ చుట్ట ఫోనును మాత్రమే కాక, గదిలోని సర్వవిద్యుత్తును గ్రహించును. మన యింటి కరెంటు సెకనుకు 50 ఆవర్తనములు చేయుచుండును గాన, ఆ లయతోనే ‘గుఁ’ యను మొరపొకటి సంభాషణమంతట పరచుకొనెను. ట్యూబులైటు ఆర్పితిని, కొంత తగ్గెను. ఫ్యాను ఆపితిని, మరికొంత తగ్గెను. ల్యాప్‌టాపు చార్జరును ప్లగ్గునుండి ఊడదీసిన క్షణమున ఆ మొరపు మిక్కిలిగ సన్నగిల్లెను. చార్జరు ద్వారమున ఒక ఎర్తును, మరియొక పరికరము ద్వారమున ఇంకొక ఎర్తును కలిసి వలయమైనచో ఆ వలయమే మొరయునని నాకు తరువాత తెలిసినది. నడుమ ఒక చిన్న ట్రాన్స్‌ఫార్మరును పెట్టి, తీగకు తీగ తగులకుండ అయస్కాంతబలముచేతనే మాటను దాటించినచో ఆ వలయము తెగిపోవును. ఇంతటి చిన్న వస్తువు మొదటిదినమే నా బల్లపై నుండినయెడల ఎన్ని ప్రాతఃకాలములు దక్కియుండెడివో యని నేటికిని విచారపడుదును.

పిన్నుల కథ దీనికంటె చిన్నది గాని, చేయు కీడు చిన్నది కాదు. కంటికి ఒక్కటిగనే కనబడు పిన్నులలో కొన్నిటికి మూడు లోహపు భాగములు, కొన్నిటికి నాలుగు భాగము లుండును. మూడు భాగముల పిన్ను మైకుది. నాలుగు భాగములది హెడ్‌సెట్టుది. కంప్యూటరు రంధ్రము నాలుగింటికై చేయబడి, మనము మూడింటిది దూర్చినచో, పిన్ను చక్కగ అమరును, కంప్యూటరు ఏమియు ఫిర్యాదు చేయదు, రికార్డు నడచుచున్నట్లే తెరపై గీతలు కదలుచుండును. కాని అది వినుచున్నది తీగను గాక, తన నుదుటనున్న స్వంత మైకును. ఇట్లు నేనొక ఉదయమంతయు ఒక విశ్రాంత ఉపాధ్యాయునితో సంభాషించి, నా గొంతుకను, కిటికీ బయటి పావురములను మాత్రమే రికార్డు చేసితిని.

ఆ తప్పును పట్టి చూపినవాడు నల్లగొండ జిల్లానుండి వచ్చి అశోక్‌నగరులో గది యద్దెకు తీసికొని గ్రూప్స్ పరీక్షలకు చదువుకొనుచున్న ఒక యువకుడు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమున పొద్దుటినుండి రాత్రివరకు పుస్తకములు ముందు బెట్టుకొని కూర్చుండు వందలాది బిడ్డలలో నతడొకడు. గ్రంథాలయపు మెట్లకడనే పరిచయమైనాడు. “సార్, గీ గీతలను చూసి నమ్మొద్దు. తీగను వేలితోని తట్టి చూడుండ్రి, గీత ఎగిరితెనే తీగల నుంచి వచ్చినట్టు” అని అతడు చెప్పిన మాట నేను నేర్చిన సూత్రములన్నిటిలో మొదటిది. నాటినుండి ప్రతి రికార్డింగునకు ముందు తీగను తట్టి, అర నిమిషము రికార్డు చేసి, హెడ్‌ఫోను పెట్టుకొని విని, పిమ్మటనే నంబరు కలుపుదును. ఒకనాడు ఆ యువకునికి నేను ఒక పాత సంభాషణను వినిపింపగా, అందొక తాత పలికిన ‘ఎన్కటికి’ యను మాటకు అతడు హెడ్‌ఫోనును రెండుచేతులతో అదుముకొని, “మా తాత గిట్లనే అనేటోడు సార్” అని, ఆ నిమిషమును మూడుమారులు వినెను.

ఇప్పుడు నాకు మిక్కిలి బాధ కలిగించిన విషయమునకు వచ్చుచున్నాను. నేటి కంప్యూటరులును, ఫోనులును మన మాటను వినుటతో తృప్తినొందవు. దానిని సవరింప బూనును. నిదానముగ సాగు శబ్దమును రొద యని తలంచి తుడిచివేయును. మాట ఆగినచోట నిశ్శబ్దమును పెంచి చూచును. రెండు గొంతుకలు కలిసినచో బలమైనదాని నుంచి, బలహీనమైనదానిని ప్రతిధ్వని యని యణచివేయును. కార్యాలయపు మాటలకు ఇది ఉపకారమే కావచ్చును. కాని తొంబదియేండ్ల మనిషి మాట యెట్లుండును? వాక్యము మొదట బలముగ లేచి, నడుమ శ్వాస చాలక సన్నగిల్లి, తుదకు పెదవులమీదనే నిలిచిపోవును. ఆ సన్నగిల్లిన కొననే యంత్రము రొదగ నెంచి కోసివేయును. ఒక తల్లిని, “మీ అన్నను తీసుకపోయిన రాత్రి మీరెక్కడ ఉన్నరమ్మా?” యని యడిగితిని. ఆమె చాలసేపు మాటలాడలేదు. ఆ వ్యవధిలో ఆమె చేతిగాజులు మంచపుకోడుకు తగిలిన శబ్దము, ఒక దీర్ఘనిశ్వాసము, పెరటిలో కోడి కూయుట నా చెవికి స్పష్టముగ వినబడినవి. రికార్డులో మాత్రము ఆ చోట శూన్యము. నిట్టూర్పును యంత్రము మాటగ గుర్తింపలేదు. నా దృష్టిలో ఆ తల్లి ఆనాడు ఇచ్చిన సమాధానము ఆ నిట్టూర్పే. అందుచేత రికార్డింగు ప్రారంభించువారు ముందుగ చేయవలసిన పని, కంప్యూటరు సెట్టింగులలోనికి పోయి, ధ్వనిని మెరుగుపరచుటకై యేర్పరచిన సదుపాయముల నన్నిటిని ఆపివేయుట. అప్‌డేటు వచ్చిన ప్రతిమారును అవి తిరిగి తలలెత్తవచ్చును గాన, మరల పోయి చూచుట మరువరాదు.

తెలుగువారి సంభాషణలో ఇంకొక చిక్కు కలదు. మనలో కథ చెప్పువానికి వినువాడు ‘ఊఁ’ కొట్టవలెను. ఊఁ కొట్టనిచో కథ సాగదు. మన అమ్మమ్మలు చిన్ననాడే మనకు నేర్పిన మర్యాద యిది. ఎదురెదురుగ కూర్చున్నప్పుడు తల యూచినను చాలును. ఫోనులో తల కనబడదు. నేను అర నిమిషము మౌనముగ నుండినచో, “ఉన్నవా బిడ్డా? కట్ అయిందా?” యని ఆవలివారు కంగారుపడుదురు, కథ తెగిపోవును. ఊఁ కొట్టినచో ఆ ఊఁ వారి మాటమీదనే పడి, ఒక పేరునో, ఒక క్రియనో మింగివేయును. మొబైలు ఫోనులో మాట చేరుటకు కొంత ఆలస్యముండును గాన, నేను వాక్యాంతమున వేసిన ఊఁ వారికి తరువాతి వాక్యపు మొదట వినబడి, వారు ఆగుదురు. వారు ఆగిరని నేను ప్రశ్న వేయుదును. అప్పటికే వారు మరల మొదలిడియుందురు. మర్యాదకును, రికార్డునకును ఇట్లు వైరము సంభవించినది.

ఆ వైరమును తీర్చినది రెండు గొంతుకలను రెండు దారుల నడిపించు పద్ధతి. కంప్యూటరులోని ధ్వనికి ఎడమ, కుడి యని రెండు పాయలు కలవు గదా. నా మైకు మాట ఎడమపాయలోనికి మాత్రము, ఫోనులో వచ్చు మాట కుడిపాయలోనికి మాత్రము పోవునట్లు ఒక చిన్న మిక్సరుతో అమర్చితిని. ఫోనులోనికి తిరిగి పంపునది నా మాట మాత్రమే. వారి మాట వారికే తిరిగిపోయినచో ప్రతిధ్వని పుట్టి వారిని తికమక పెట్టును. ఈ యమరిక కుదిరిననాడు నాకు కలిగిన హృదయలాఘవము చెప్పనలవి కాదు. ఇప్పుడు నేను కడుపునిండ ఊఁ కొట్టుదును. ఆ ఊఁలన్నియు ఎడమపాయలో నిలిచియుండును. కుడిపాయలో ఆ వృద్ధుని మాట ఏ మచ్చయు లేక ఒంటరిగ సాగుచుండును. వారి పాయను వారి బలమునకు తగినట్లు పెంచుకొనవచ్చును. నా పాయను తగ్గించుకొనవచ్చును. ల్యాండ్‌లైనులో మాత్రము ఒకే జంట తీగలగుటచే, ఎంత మంచి పరికరమైనను నా గొంతు జాడ కొంత కుడిపాయలో మిగులును. అందుచే నేను ఇప్పుడు మొబైలు ఫోనునే తీగతో మిక్సరునకు కలుపుచున్నాను. 2జీ సంకేతముతో పనిచేయునపుడు ఆ ఫోను సెకనుకు 217 మారులు చొప్పున శక్తిని విసరుచు, దగ్గరి తీగలలో ‘టిర్ టిర్’ మను శబ్దము పుట్టించును. ఫోనును తక్కిన తీగలకు రెండడుగుల దూరమున నుంచిన అదియు చాలవరకు శమించును.

రెండు పాయలను వేరుచేసి వినుట మొదలిడిన పిదప నా దోషమొకటి నాకు తెలిసినది. ఎడమపాయను మాత్రమే విన్నప్పుడు, నేను ఎంత తొందరపడి ప్రశ్న వేయుచున్నానో, వాక్యము పూర్తికాకమునుపే ఎట్లు అడ్డుపడుచున్నానో నిస్సంశయముగ వినబడెను. ఇప్పుడు వారు ఆగిన పిదప మనస్సులో అయిదు లెక్కపెట్టిగాని నేను నోరు తెరవను. ఆ అయిదంకెల నడుమ ఎన్నిమారులో, అసలు సంగతి వెలికి వచ్చినది.

అనుమతి విషయము కూడ చెప్పవలెను. ఫోనుసంభాషణ మనుష్యుని ఏకాంతజీవితములోని భాగమనియు, రాజ్యాంగపు 21వ అధికరణము దానికి రక్షయనియు పి.యు.సి.ఎల్. అను పౌరహక్కుల సంస్థ వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు 1996లో తీర్పు చెప్పెను. 2017లో తొమ్మండుగురు న్యాయమూర్తుల ధర్మాసనము గోప్యతను ప్రాథమికహక్కుగ స్థిరపరచెను. 2022 మే నెలనుండి గూగుల్ సంస్థ తన ప్లే స్టోరులోని ఇతరుల యాప్‌లు కాల్ రికార్డు చేయు మార్గమును మూసివేసెను. పెక్కు ఫోనులలో స్వయముగ నున్న రికార్డరును నొక్కినచో, సంభాషణ రికార్డగుచున్నదని ఒక పరాయి గొంతుక ఇరువైపుల ప్రకటించును. ప్రకటించుట న్యాయమే. కాని ఆ పరాయి గొంతు వినగానే ఒక తాత, “పోలీసోళ్ళు ఇంటున్నరా?” యని గడగడలాడి ఫోను పెట్టివేసెను, బాల్యమున పోలీసుల బూట్లచప్పుడునకు గడ్డివాములలో దాగిన మనిషి అతడు. అప్పటినుండి నేను ముందుదినమే ఫోను చేసి, ఎందుకు రికార్డు చేయుచున్నానో, ఎవరు విందురో వారి భాషలో వివరించి, వారి బిడ్డల యెదుటనే అంగీకారము తీసికొనుచున్నాను. మరునాడు రికార్డు ప్రారంభమైన తరువాత మరల అడిగి, వారి సమ్మతి వారి గొంతుకతోనే నమోదగునట్లు చూచుదును. ఒక మాట తీసివేయుమని వారు తరువాత కోరినచో తీసివేయుదును. ఆ కోరికకు నేను కారణ మడుగను.

భద్రపరచుటను గూర్చి క్లుప్తముగ చెప్పెదను. నేను వాడునది ఆడాసిటీ యను ఉచిత సాఫ్ట్‌వేరు. 2000 సంవత్సరమున వెలువడినది. నడుమ కరెంటు పోయినను, అంతవరకు పట్టిన మాటను తిరిగి యిచ్చు గుణము దానికి కలదు; ఒకనాటి వానలో అది నాకు 52 నిమిషముల సంభాషణను దక్కించెను. సెకనుకు 44,100 నమూనాల చొప్పున రెండు పాయలుగ పట్టిన గంట సంభాషణకు సుమారు 635 మెగాబైట్ల చోటు పట్టును. చోటు కలిసివచ్చునని దానిని ఎంపీ3గ కుదించి, మూలమును తుడిచివేయు దురభ్యాసము చాలమందికి కలదు, అట్లు చేయరాదు. మూలము నొక ప్రతి యింటిలోను, మరియొక ప్రతి వేరొకచోటను ఉంచవలెను. పంచుకొనుటకు మాత్రము చిన్న ప్రతి చేసికొనవచ్చును.

శ్రోతలారా, ఈ ప్రసంగమును వినుచున్న మీలో చాలమంది యిండ్లలోనో, మీ స్వగ్రామములలోనో, అశోక్‌నగరు గదులలో చదువుకొను బిడ్డలకైతే మీ మీ ఊళ్ళలోనో, ఎనుబదియేండ్లు దాటిన మనిషి యొకరైన నుందురు. నా వద్దనున్నన్ని పరికరములు మీకు అవసరము లేదు. ఒక ఫోను స్పీకరు పెట్టి, దానిపక్కన మరియొక ఫోనులో రికార్డు చేసినను, చేయనిదానికంటె వేయిరెట్లు మేలు. ఈ ఆదివారము తెల్లవారుజామున వారికి ఫోను చేయుడు. అనుమతి యడుగుడు. తీగ యున్నచో తట్టి, అర నిమిషము విని చూచుకొనుడు. ముందుగ వారి పేరు, వారి తల్లి పేరు, పుట్టిన ఊరు వారిచేతనే చెప్పించుడు. పిదప చిన్నప్పుడు తమ యింటినుండి బావికి పోవు దారి యెట్లుండెనో యని యొక్క ప్రశ్న వేసి, వారు చెప్పుట ముగించువరకు ఊఁ కొట్టుచుండుడు.